శోభ తిన్నదేంది?

"ఆమెకేమొద్దు. నాకు రెండు వడ, ఒక మసాలా దోశ," అన్నాడు ఉపేందర్, టేబుల్‌కు బొజ్జ ఆనించి.

శంషాబాద్ కొత్త ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడిపే మొగోడి బొజ్జ బాగుపడ్డ సంసారానికి గుర్తు. ఆయన పెండ్లాం శోభ తొంభై కిలోలు మాత్రం ఒట్టి తిండియావ. ఈ సంగతి దవాఖానకు వచ్చేదాకా దారి పొడుగునా ఆయనే చెప్పాడు.

వారం రోజులు తిన్నదంతా నోట్‌బుక్‌లో రాసుకురమ్మని శోభకు చెప్పింది డాక్టరమ్మ. ఆమె వచ్చేలోపు ఎదురుగా ఉన్న హోటల్‌లో కూర్చున్నారు.

"తే ఇటు నీ పురాణం. డాక్టరమ్మ బేహోష్ గాకముందు నేను జూస్త."

దోశ తింటూనే నోట్‌బుక్ లాక్కొని, పక్క టేబుల్‌కు వినబడేటట్టు చదివాడు.

"సోమవారం. పిల్లగాడు వదిలేసిన పరోటా సగం. మామ పళ్లెంల మిగిలిన పప్పన్నం. మంగళవారం. చల్లగైందని ఆయన నూకేసిన ఉప్మా. పారేయబుద్ధిగాక గిన్నె అడుగు కూర..."

గొంతు తగ్గింది. ఆదివారం దాకా పేజీలు తిప్పాడు.

"అన్నీ మేం మిగిలిచ్చినవేనా? మరి నువ్వు వడ్డించుకొని తిన్నదేది?"

"గివన్నీ తిన్నంక ఇగ ఆకలేడుంటది?"

ఉపేందర్‌కు కడుపు నిండింది. పద్నాలుగేండ్ల అలవాటు ఊరుకోదు కదా, సగం దోశ ఉన్న పళ్లెం ఆమె దిక్కు జరిపాడు. చెయ్యి మధ్యలో ఆగింది.

శోభ ఆ పళ్లెం చూడనే లేదు. సర్వర్‌ను పిలిచింది.

"అన్నా, నాకొక ప్లేట్ ఇడ్లీ. వేడిగ."