పేరు పక్కన డిగ్రీ

“మామ పేరు పక్కన ఆ బి.ఈ. తీసెయ్ పాపా,” అన్నాడు పెద్దాయన.

“తీసేస్తే మీ ఇంట్లో గొడవైతాది తాతా,” అంది కీర్తిక, స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా.

అది ముత్తియాల్‌పేటలో ధనపాల్ ఫ్లెక్స్ షాపు. మనవరాలికి చెవులు కుట్టిస్తున్నామని, బ్యానర్ కావాలని వచ్చాడాయన. ఇక్కడ అలాంటి బ్యానర్ మీద మేనమామ ఫోటో ఉండి తీరాలి. ఫోటో కింద పేరు, పేరు పక్కన డిగ్రీ. లేకపోతే ఆ మేనమామ అలిగి కూర్చుంటాడు. ఊళ్ళో అందరి డిగ్రీలూ టైపు చేసే కీర్తికకు మాత్రం ప్లస్ టూ తర్వాత చదువు లేదు.

ఆ దెబ్బ పోయిన వారమే తగిలింది. బీచ్ దగ్గర ఒక పెద్ద డిజైన్ స్టూడియోలో ఉద్యోగానికి వెళ్ళింది. ఇంటర్వ్యూ చేసిన పల్లవి అనే యానాం అమ్మాయి, ఆమె పని చూసి తెగ మెచ్చుకుంది.

“డిగ్రీ ఏం చేశారండి?”

“చెయ్యలేదక్కా.”

పల్లవి మొహం చిన్నబోయింది. “రూలండి. నా చేతుల్లో లేదు.”

అప్పటినుంచీ కీర్తికకు ఎవరిని చూసినా చిరాకే.

“ఆ పేర్లు కొంచెం చిన్నవి చెయ్. పాప మొహం చుట్టూ జాగా వదులు,” అన్నాడు పెద్దాయన.

చేసింది.

“ఆ పూలన్నీ తీసెయ్.”

తీసింది. నిజానికి బ్యానర్ బాగుపడుతోంది. అది తెలుస్తున్నందుకే ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది.

“ఇప్పుడా పసుపు రంగు...”

కీర్తిక మౌస్ వదిలేసి ఆయనవైపు తిరిగింది.

“తాతా, నువ్వు డిజైన్ యాడ చదివినావు? ఏం డిగ్రీ ఉండాది నీకు, నాకు చెప్పేదానికి?”

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ధనపాల్ పకపకా నవ్వాడు.

పెద్దాయన నవ్వలేదు. కోప్పడనూ లేదు. “లేదు పాపా, ఏం డిగ్రీ లేదు,” అని లేచాడు.

“మరి బ్యానర్?”

“ఇంకోసారి చూద్దాంలే.”

ఆయన వెళ్ళిపోయాక కీర్తికకు కసి తీరినట్టయింది. తనకు జరిగిన అవమానాన్ని ఎవరో ఒకరి నెత్తిన దించేసింది కదా!

మర్నాడు సాయంత్రం షాపు ముందు పల్లవి స్కూటీ ఆగింది.

“నిన్న మీ దగ్గరికి ఒక పెద్దాయన వచ్చారాండి?”

“వచ్చినాడక్కా. గంటసేపు పని చేయించుకొని, బ్యానర్ తీసుకోకుండా పోయినాడు. ఏంది?”

“ఆయన్ని ఏమన్నారండి?”

కీర్తిక చెప్పింది. చెబుతూ ఉండగానే గొంతు తగ్గిపోయింది.

పల్లవి ఉసూరుమంది. “డిగ్రీ రూలు మా పార్ట్‌నర్లు పెట్టిందండి. మీకోసం మా సార్‌ని బతిమాలాను. ‘ఆ అమ్మాయి పని చేస్తుంటే నేనే వెళ్ళి చూస్తా, బాగుంటే రూలు తీయించేస్తా’ అన్నారు.”

“నా పని బాగలేదన్నాడా?”

“చాలా బాగుందన్నారండి. కానీ, ‘డిగ్రీ లేని పిల్ల కూడా డిగ్రీనే అడుగుతోంది, ఇంకెవరి కోసం వాళ్ళతో కొట్లాడను?’ అన్నారు.”

కీర్తికకు ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకుని అడిగింది.

“ఆయనకి నిజంగానే డిగ్రీ లేదా అక్కా?”

“సోలై నగర్‌లో పడవల మీద పేర్లు రాసుకుంటూ మొదలెట్టి, ఏ కాలేజీ గడపా తొక్కకుండానే మా స్టూడియో పెట్టారండి ఆయన.”