గేటు బయట శని

కోల్‌కతా మైదానంలో ఫుట్‌బాల్ ఆట మొదలైంది. తారాపద మాత్రం గేటు బయటికొచ్చి, నిమ్మ చాయ్ తాగుతున్న భోంబల్ చేతిలో టికెట్టు పెట్టాడు.

"లోపలికి రారా. పంచాంగం చూశాను. నీ ఏలినాటి శని నిన్నటితో వదిలింది."

భోంబల్‌కు శని పట్టబట్టే మన క్లబ్బు ఓడుతోందని గ్యాలరీ అంతా వినేలా అన్నది తారాపదే. ఆ మర్నాడే భోంబల్ వేలికి శని దోషం పోవడానికి పెట్టుకునే నీలం ఉంగరం వచ్చింది. అప్పటి నుంచి ఎంత వానైనా అతను గేటు బయటే నిలబడుతున్నాడు. క్లబ్బు మాత్రం ఓడుతూనే ఉంది.

"తప్పు నాదిరా. నీ మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది. వచ్చి నా పక్కన కూర్చో."

"నాకసలు శనే లేదు దాదా. నువ్వన్న రోజే జాతకం చూపించుకున్నాను."

"మరి ఈ ఉంగరం?"

"ఉత్త గాజు." భోంబల్ గొంతు తగ్గించాడు. "అంతకు ముందు ఓడినప్పుడల్లా మనవాళ్ళు గోల్‌కీపర్‌ని కొట్టడానికి క్లబ్బు టెంటు దాకా తరిమేవాళ్ళు, మర్చిపోయావా? ఇప్పుడు నన్ను నాలుగు తిట్టి ఇళ్ళకు పోతున్నారు."

అంతలో లోపల అవతలి జట్టు గోల్ కొట్టింది. గ్యాలరీ పైమెట్టు మీంచి ఎవరో కిందికి వంగి అరిచారు.

"ఒరే భోంబల్! ఇంకాస్త దూరం పోరా, శనిగాడా!"

భోంబల్ నవ్వుతూ ఉంగరం చెయ్యి పైకెత్తబోయాడు. తారాపద ఆ చెయ్యి పట్టుకుని, ఉంగరం లాగి తన వేలికి ఎక్కించుకున్నాడు.

"వాడికి వదిలిందిరా!" తలెత్తకుండానే గట్టిగా అరిచాడు. "ఇప్పుడు నాకు పట్టింది!"