దస్తీ వేసిన సీటు

"గా దస్తీ నాది. కనవడ్తలేదా?"

సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సెక్కుతూనే ఆండాలు గొంతు పెంచింది. కిటికీలోంచి తను చేతిరుమాలు వేసి ఆపుకున్న సీట్లో ఒకామె చంటిపిల్లతో కూర్చుని ఉంది.

"సూడలేదక్కా. పిల్లతోని నిలవడలేక కూసున్న."

"మా ఆయన పేషెంటు. లే!"

ఆమె ఆండాలు భర్త పర్వతాలు ముఖం చూసి వెంటనే లేచింది.

"కూసో అన్నా."

పర్వతాలుకు సిగ్గేసింది. "గంత గట్టిగెందుకే?"

"నువ్వూకో."

నిజానికి ఆండాలు కోపం డాక్టరు మీద.

చుక్క ముట్టని మనిషికి లివర్ చెడింది. ఒంట్లోని రక్షణ శక్తే తిరగబడి దాన్ని తినేస్తోందన్నారు. ఊళ్లోవాళ్లు మాత్రం తాగి చెడగొట్టుకున్నాడన్నారు. మందులకు లొంగలేదు. చివరికి హైదరాబాదులో ప్రయోగంగా మూలకణాలు ఎక్కించారు.

మనిషి దక్కాడు.

ఆ కణాలు ఎవరో బాలింత ఇచ్చిన బొడ్డుతాడులోవి. పేరు చెప్పకూడదట. అవి సేకరించిన రోజు ఇవ్వడానికి ఒప్పుకున్నది ఒక్క తల్లేనని మాత్రం అన్నాడు డాక్టరు. కణాల సంచి మీద సేకరించిన తేదీ చూసి ఆండాలు క్యాలెండరు తిరగేసింది. పోయిన తొలి ఏకాదశి!

ఆ బిడ్డకని వెండి పట్టీలు చేయించింది. ఇవాళ హైదరాబాదులో ఇవ్వబోతే డాక్టరు వాటిని తీసుకోలేదు. అలాగే కొంగున ముడేసుకుని తిరిగొస్తోంది.

నిలబడ్డామె చంకలోంచి పిల్ల వంగి ఆ ముడి పట్టుకుంది. ఆండాలు విసుగ్గా విడిపించుకుంది.

తండా స్టేజీలో ఆమె జాగ్రత్త చెప్పి దిగింది. "పైలం అన్నా."

బస్సు కదిలింది.

"పాపం శాంతాబాయి," అంది పక్క సీటు ముసలామె. "ఏడాది సంది అత్త మాట్లాడ్తలేదు."

"ఎందుకు?"

"బొడ్డుపేగు ఇంటికాడ పాతిపెట్టాలె గద! హైద్రాబాదు దవాఖానల అడిగితే ఇచ్చొచ్చింది. ఎవలో బతుకుతరంట అని."

ఆండాలు ముసలామె వైపు తిరిగింది.

"పిల్ల ఎప్పుడు పుట్టింది?"

"తొలేకాదశి నాడు."

పర్వతాలు అప్పటికే లేచి నిలబడ్డాడు. ఆండాలు కొంగుముడి విప్పుకుంటూ డ్రైవరు దగ్గరికి ఉరికింది.

"బస్సాపు అన్నా, నీకు దండం పెడ్త! నా పెనిమిటిని బతికించిన తల్లి దిగిపోయింది. ఆమెనే నేను సీట్లకెళ్లి లేపిన!"