బ్రష్ ఎత్తేసిన యంత్రం

పైడితల్లి ఏడుసార్లు జాతీయ కర్లింగ్ ఛాంపియన్. ఆ ఆటలో మంచు మీద జారే రాయి ముందు బ్రష్‌తో రుద్దుతూ పోతే అది ఇంకాస్త దూరం వెళ్తుంది. ఇక రాయి ఆగిపోతుందని తెలియగానే ఆమె బ్రష్ ఎత్తేసేది. ఆ అంచనా ఒక్కసారీ తప్పలేదు.

ఆమె ఒడుపంతా ఒక కంపెనీ నేర్పించిన ఊడ్చే యంత్రాలు ఇప్పుడు విశాఖలో ఇంటింటా ఉన్నాయి. మనిషి నడుస్తుంటే కాళ్ల ముందు ఊడ్చుకుంటూ పోతాయి.

సోమవారం పక్కింటి కాంచనమ్మ నడుస్తుంటే వాళ్ల యంత్రం బ్రష్ ఎత్తేసింది. మర్నాటికి ఆవిడ పోయింది. కింది వాటా మాస్టారికీ అలాగే జరిగింది. యంత్రాలు పాడయ్యాయని అందరూ కంపెనీకి ఫోన్లు చేశారు. పైడితల్లి మాత్రం చెయ్యలేదు.

ఈ ఉదయం ఆమె భర్త సన్యాసిరావు కాఫీ గ్లాసుతో వంటింట్లోంచి వస్తున్నాడు. ముందు ఊడుస్తున్న యంత్రం గడప దగ్గర బ్రష్ ఎత్తేసింది.

"దీనికీ ఏటో అయినట్టుందే" అని నవ్వాడాయన.

పైడితల్లి గోడకున్న పాత బ్రష్ దించింది. అరిగిన మోకాళ్ల మీద వంగి, ఆయన పాదాల ముందు నేలను గట్టిగా రుద్దసాగింది.

"ఏటే ఇది?"

"నడవండి. నాను బ్రష్ ఎత్తను. మీరు ఆగకండి."