సలోమి సిస్టర్ బ్యాడ్జి

బ్యాడ్జీలకు చెవులొచ్చిన కాలం అది. ఏడాదంతా నర్సు మాట్లాడే మాటలు విని, వాటిలోంచి ఆమె జీవిత తత్వాన్ని తేల్చి, అక్షరాల్లో వెలిగించేవి. పక్క వార్డు సిస్టర్‌కు ‘కరుణే నా మతం’ అని వచ్చింది. సలోమికి మాత్రం ‘ఒంటేలు వచ్చిందా?’ అని వచ్చింది.

పాతికేళ్ల సర్వీసుకు మిగిలింది ఇదా అని ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఎలాగైనా దాన్ని మార్పించాలని, ఆ ప్రశ్నను వార్డులో పేషెంట్లను పలకరించే మిషనుకే వదిలేసి, మంచాల పక్కన నిలబడి సేవ గురించీ త్యాగం గురించీ ఉపన్యాసాలు మొదలుపెట్టింది.

మూడో రోజు, హెర్నియా ఆపరేషనైన పిచ్చయ్య తాత ఒళ్లంతా చెమటలతో ఆమె మాటలకు తలూపుతున్నాడు. అనుమానమొచ్చి సలోమి దుప్పటి తీసి చూస్తే పొత్తికడుపు కుండలా ఉబ్బి ఉంది.

“మిషను అడగలేదా తాతా?”

“అందరి ముందూ గట్టిగా అడిగింది. సిగ్గేసి అయిందన్నా. నువ్వేమో పెద్ద పెద్ద మాటలు చెప్తన్నావు, మధ్యలో ఎట్టా చెప్పేదమ్మా?”

మూత్రం పైపు వేశాక తాతకు ప్రాణం లేచొచ్చింది. సలోమి బ్యాడ్జిని కొంగుతో తుడుచుకుని, పక్క మంచం దగ్గరికెళ్లి, పేషెంటు చెవి దగ్గరకు వంగి, తన తత్వాన్ని మెల్లగా అడిగింది.