తీసి పెట్టుకునే పళ్లు

"మూతికి కట్టిన గుడ్డ తియ్యమ్మా," అన్నాడు బ్రాడీపేట పళ్ల డాక్టరు.

పున్నమ్మ తియ్యలేదు. మిరపకాయల ఘాటు తగలకుండా కళ్లంలో కట్టుకునే గుడ్డ అది. కళ్లం పని ముగిసి నెలైనా ఆమె మూతి మీదే ఉంది. చివరికి మొగుడు వీరాస్వామే ముడి విప్పాడు. ముందు పళ్లు రెండు లేవు.

"కళ్లంలో జారిపడిందండి," అన్నాడు.

"దవడ ఎముకలో నాటేవి మద్రాసులో ఉన్నాయి గానీ, వేలల్లో పని. ఇక్కడ తీసి పెట్టుకునేవైతే రెండొందలు. పక్క పళ్లకి కలిపి కదలకుండా బిగించేవైతే పన్నెండొందలు."

"ఈ ఏడు కాయకి మంచి ధరే పలికిందండి. బిగించేవే పెట్టండి," అని వీరాస్వామి అడ్వాన్సు కట్టడానికి బయటి గదిలోకి వెళ్లాడు.

ఆమె డాక్టరు చెయ్యి పట్టుకుంది. "తీసి పెట్టుకునేవే చెయ్యండి బాబుగారూ."

"ఖర్చుకి భయపడతావేంటమ్మా? మీ ఆయనే ఒప్పుకున్నాడుగా!"

పున్నమ్మ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఖర్చుకి కాదండి. తీసేవైతే, ఆయన తాగొచ్చిన రోజు గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే తీసి దాచుకుంటాను."