కొత్తవాళ్ల తరఫున

తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను స్వచ్ఛందంగా తయారుచేసే మా బృందం, కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చే పాత కంపైలర్‌ను వదిలి కొత్తదానికి మారుతోంది. ఎల్లారెడ్డిలో ఉండే రమ్య మా పని నేర్చుకుందామని కొనుక్కున్న పాత కంప్యూటర్‌లో ఆ కొత్తది నడవదు.

"పేదోళ్ల మొఖం మీద తలుపేస్తరా!" అని ఆరు నెలలు మెయిళ్లలో కొట్లాడాను. చివరికి పెద్దలు దిగొచ్చారు: "పాత కంపైలర్‌తో పనిచేసే కొత్తవాళ్లు ఒక్కరైనా స్వయంగా మాకు రాస్తే, పాతదీ ఉంచేస్తాం. ఈ సాయంత్రమే గడువు."

కామారెడ్డిలో దొరికిన బస్సెక్కి ఉరికాను. రమ్య బీడీలు చుడుతోంది.

"చెల్లె, నీ కాళ్లు మొక్కుత! ఒక్క ముక్క రాయి. లేకుంటే అంతా పోతది."

"ఏం రాయాలె?"

"పాతదాంతోని ఏమేం చేసినవో, గదే!"

ఆమె ఒళ్లోని చేట పక్కన పెట్టింది.

"కొట్లాట ఒడిసినంక నేర్పుతనంటివి గద అన్నా. ఒడిసిందా?"